బతికున్న సిపాయికి దండ

జయరామయ్యకు గొంతు ఉంది. ఆయన గురించి మంచిగా చెప్పుకోవలసింది ఏదన్నా ఉంటే అదొక్కటే, అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆర్టీసీలో కండక్టరుగా ఉన్నప్పుడు కావలి బస్టాండులో ఆయన ఒక్క కేక వేస్తే, ఊరికే టీ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా లేచి బస్సెక్కేవాళ్ళు. సెలవులన్నీ నాటకాలకే పోయాయి. రిటైరయ్యాక బోగోలులో ఒక నాట్యమండలి పెట్టాడు. దానికి అధ్యక్షుడు, రచయిత, దర్శకుడు, కథానాయకుడు అన్నీ తనే. మిగతా పనులకు మేమున్నాం. నాకు పొడుగూ మీసమూ ఉన్నాయి కాబట్టి ఏ యుగం నాటకమైనా సేనాపతి వేషం నాదే.

ఏ కథ తీసుకున్నా చివరికది జయరామయ్య కథే అయ్యేది. అరవై దాటిన మనిషి, పొట్ట ముందు నడిస్తే తాను వెనక వచ్చే మనిషి, జుట్టుకు రంగేసుకుని నవయువకుడిగా స్టేజీ ఎక్కేవాడు. "వయసు మొకంలో ఉండదయ్యా, రాగంలో ఉంటది" అనేవాడు. రాగంలోనూ ఉంది. పైస్థాయి అందనప్పుడు చెయ్యి పైకెత్తేవాడు. జనం ఆ చేతిని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు.

అలాంటి మనిషి చేతిలో కిషోర్ పుస్తకం పడింది.

కిషోర్ మా మండలంలోనే సముద్రపు ఒడ్డున ఉన్న పట్టపుపాలెం కుర్రాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి అంకాలమ్మ చేపలమ్మి పెంచింది. పడవెక్కకుండా పట్టాళంలో చేరాడు. మంచుకొండల మీద సరిహద్దు కాపలాకి వేశారు. మంచుకు ఎడమ పాదం వేళ్ళు పోగొట్టుకుని తిరిగొచ్చి, ఇప్పుడు ముత్తుకూరు దగ్గర ఒక గోడౌనుకు సెక్యూరిటీగా ఉన్నాడు. డ్యూటీలో తీరిక దొరికినప్పుడల్లా ఫోనులో టైపు చేసుకుంటూ తన పట్టాళపు రోజుల గురించి రాశాడు. నెల్లూరులో అచ్చు వేయించుకున్నాడు. పేరు 'కిరోసిన్ వాసన'.

సన్నటి పుస్తకం. కొండ అవతల ఫిరంగులు మోగుతూనే ఉంటాయి, ఇవతల గుడారంలో కుర్రాళ్ళు స్టవ్వు చుట్టూ ముడుచుకుని ఉంటారు. సుఖ్‌దేవ్ అని పంజాబీ కుర్రాడు ఒకడు. అంకాలమ్మ పంపిన ఎండు నెత్తళ్ళ చేపల వాసనకు మొదట ముక్కు మూసుకుంటాడు, తర్వాత్తర్వాత పార్శిలు రాగానే తనే విప్పుతాడు. ఒక మధ్యాహ్నం కిరోసిన్ డబ్బా తేవడానికి కిందికి దిగుతాడు. అవతలి గుండు ఒకటి వాలు మీద పడుతుంది. మంచు జారుతుంది. అన్నం తినే కంచాలతో తవ్వుతారు. దొరికేసరికి అతని గడ్డం గాజులా బిగుసుకుని ఉంటుంది. 'ఆ కొండ మీద నేను ఒక్క తూటా పేల్చలేదు. ఎవరి మీద పేల్చాలో కనపడలేదు' అని రాసుకున్నాడు కిషోర్. ఆ పేజీ చదివి నేను కాసేపు వాకిట్లో తిరిగాను.

జయరామయ్య ఆ పేజీ పక్కన 'ఇక్కడ డాన్సు' అని రాసుకున్నాడు.

నాటకం వేస్తామంటే కిషోర్ సంబరపడ్డాడు. "సుఖ్‌దేవ్ పేరు నలుగురికి తెలస్తాది. అంతే చాలన్నా" అన్నాడు. డబ్బు అడగలేదు, షరతులు పెట్టలేదు. వారపు సెలవు రోజున రిహార్సలు చూడ్డానికి వచ్చి, చివరిదాకా చూసి, మెల్లగా అడిగాడు.

"సుఖ్‌దేవ్ ఏడన్నా?"

"తీసేసినా. తలపాగా కట్టడం మనోళ్ళకి రాదు" అన్నాడు జయరామయ్య.

అతని స్థానంలో హహహా అని నవ్వే శత్రు సేనాని, ఊళ్ళో ఎదురుచూసే ప్రియురాలు, ఆమెకొక పాట వచ్చి చేరాయి. కథానాయకుడు ఒక్కడే శత్రువుల్ని చీల్చి చెండాడి, జెండా పాతి, పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. కథానాయకుడు ఎవరో చెప్పనక్కరలేదు.

"అన్నా, నేను చావలేదు గదా?" అన్నాడు కిషోర్.

"కథలో చావాల."

"కథ నాదే గదన్నా. నేను ఈడ కుర్చీలో కూచోనుండా."

"కూచో, ఎవురొద్దన్నారు? కాలివేళ్ళు పోయినోడి కోసం జనం ఏడవరు అబ్బయ్యా. పానం పోవాల."

తల్లి వేషానికి నెల్లూరు నుంచి స్వర్ణ అనే నటిని పిలిపించాం. చాలా కాలంగా స్టేజీ మీద ఉన్న మనిషి. ఆమె పుస్తకం కొనుక్కుని చదివి వచ్చింది. "బిడ్డ కుంటుకుంటా గడపలోకొస్తే తల్లి మొకం ఎట్టుంటదో ఆ సీను ఇయ్యండయ్యా, నేను చేసి చూపిస్తా" అని అడిగింది.

"నువ్వు గుండెలు బాదుకో. అది చాలు" అన్నాడు జయరామయ్య.

కిషోర్ సరేనని తలూపాడు. పైవాడి మాట వినడం పట్టాళంలో అలవాటైన కుర్రాడు. స్టేజీ మీద జయరామయ్యే పైవాడు అనుకున్నాడు కాబోలు.

చివరి సీనులో వీరుడి ఫోటోకి దండ వేయాలి. వేషంలో ఉన్న జయరామయ్య ఫోటోనే పెట్టాలి నిజానికి. కానీ ఆయన భార్య ఆదిశేషమ్మ ఒప్పుకోలేదు. "నా పసుపు కుంకాలతో ఆటలేంది? నీ ఫోటోకి దండేస్తే ఇంట్లోకి రానీను" అంది. అశుభమని ఆయనకూ తోచింది. తనకు అశుభమైనది ఎదుటివాడికి ఏమవుతుందో అంత దూరం ఆలోచించే మనిషి కాదు. కిషోర్ పుస్తకం వెనక అట్ట మీది ఫోటోని పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు.

రిపబ్లిక్ డే సాయంత్రం హైస్కూలు మైదానంలో ప్రదర్శన. ఫ్లెక్సీలో తుపాకీ పట్టిన జయరామయ్య నిలువెత్తున, మూలన తపాలాబిళ్ళంత కిషోర్. ముందు వరసలో ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడు ఫోనులోంచి తల ఎత్తలేదు. జయరామయ్య యూనిఫారం మొదటి అంకంలోనే పొట్ట దగ్గర బొత్తాం తెగింది. యుద్ధమంతా ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకునే చేశాడు. చివరికి గుండు తగిలి పడిపోయి, పద్యం అందుకుని, సాగదీసి, చచ్చాడు. ఎవడో "వన్స్ మోర్" అన్నాడు. లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చాడు. ఇంకొకడు అన్నాడు. దేశం కోసం మూడోసారి కూడా చచ్చాడు.

దీపాలు తగ్గాయి. కిషోర్ ఫోటో, దానికి నిండుగా బంతిపూల దండ, ముందు దీపం. స్వర్ణ గుండెలు బాదుకుంటూ వచ్చింది. కర్నలు వేషంలో నేను సెల్యూట్ కొట్టి నిలబడ్డాను.

అంకాలమ్మ పల్లె ఆడవాళ్ళతో కలిసి కింద పరిచిన పట్టాల మీద కూర్చుని ఉంది. ఫోటో సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. లేచింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి స్టేజీ ఎక్కింది.

"ఎవుడ్రా నా బిడ్డకి దండేసింది? వాడు ఆడ కుర్చీలో కూచోనుంటే కనపళ్ళేదా మీకు? వాడు తిరిగొచ్చిన నాడు గంగమ్మకి పొంగలి పెట్టుకున్న దాన్ని నేను! మీకు చావు కావాలంటే మీ ఇండ్లల్లోంచి తెచ్చుకోండి!"

దండ పట్టి తెంపింది. పువ్వులు జయరామయ్య మీద పడ్డాయి. శవం కదలలేదు. ఒక కన్ను మాత్రం తెరిచి జనం వైపు చూసింది.

మైదానం దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. నాయకుడు ఫోను జేబులో పెట్టి, లేచి నిలబడి మరీ కొట్టాడు. అదీ నాటకమే అనుకున్నారందరూ. అంకాలమ్మ ఆ చప్పట్ల వైపు అర్థంకాక చూసింది. ఇంతమంది తన మీద నవ్వుతున్నారనుకుందో ఏమో, ఫోటోని కూడా లాక్కుంది. స్వర్ణ ఆమె భుజం మీద చెయ్యి వేసి మెట్ల దాకా తీసుకొచ్చింది. కిషోర్ కుంటుకుంటూ ఎదురొచ్చాడు. ఫోటోని చంకలో పెట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని, ఆమె మైదానం దాటి వెళ్ళిపోయింది.

జయరామయ్య సిగ్గుపడతాడని నేను ఎదురుచూశాను. ఆయన మేకప్పు తుడుచుకుంటూ, "చూసినారా ఆ సీను! ఆమెని నాటక పరిషత్తు పోటీలకి తీసకపోదాం" అన్నాడు. మర్నాడు నిజంగానే ఆపిల్‌పండ్లు పట్టుకుని పట్టపుపాలెం వెళ్ళాడు. అంకాలమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోందట. తల ఎత్తకుండా, "పో" అందట. కిషోర్ మాత్రం వాకిలి దాకా సాగనంపి, "నా పేరు తీసెయ్యన్నా" అన్నాడు.

ఆ మాట జయరామయ్యకు వరమైంది. కథానాయకుడి పేరు మారింది. ఫ్లెక్సీలో కథ కూడా ఆయనదే అయింది. స్వర్ణ మానేసింది. కొత్త నటి వచ్చింది. ఇప్పుడు తల్లి దండ తెంపే సీను కూడా ఉంది. అయితే కొడుకు బతికే ఉన్నాడంటే విలువ పోతుంది కనక, "నా బిడ్డ చావలేదు, మీ అందరి గుండెల్లో బతికే ఉండాడు" అని ఆమె ఏడుస్తూ చెబుతుంది. పరిషత్తులో ఉత్తమ రచన బహుమతి వచ్చింది. అంకాలమ్మ తిట్టిన తిట్టుకు జయరామయ్య శాలువా కప్పించుకున్నాడు. నేనూ మానేస్తే నా వేషానికి ఇంకొకడు దొరికాడు, మీసం నాకన్నా బావుంటుందట.

కిషోర్ తన పుస్తకం కాపీ ఒకటి పంజాబులో సుఖ్‌దేవ్ ఇంటికి పంపాడు. సుఖ్‌దేవ్ చెల్లెలు ఫోన్ చేసి, మాకు మీ అక్షరాలు రావు, మా అన్న పేరు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది అని అడిగిందట. ఇంకో కాపీ తీసుకుని, పేరున్న ప్రతిచోటా కింద గీత గీసి, మళ్ళీ పంపాడు.

మొన్న కావలి బస్టాండులో జయరామయ్య కనపడ్డాడు.

"కిషోర్ ఇంకో పుస్తకం రాస్తా ఉండాడంట గదా?"

"అవును. వాళ్ళమ్మ గురించి."

ఆయన దగ్గరకు జరిగి, గొంతు తగ్గించాడు. "చివర్లో చచ్చిపోతాదా?"

నా బస్సు కాదు గానీ, ఎదురుగా ఉన్నది ఎక్కేశాను.