పడవకు నేను తారు పూసిన వేసవి

మా ఆయన పడవకు ఏటా తానొక్కరే తారు పూసుకునేవారు. వేసవిలో కృష్ణ తగ్గి మా లంక చుట్టూ ఇసుక తేలగానే పడవను ఒడ్డుకు లాగించి, బోర్లించి, నన్ను ఆ దరిదాపులకు కూడా రానిచ్చేవారు కాదు. ఆడవాళ్ళు పడవ అడుగు చూస్తే గంగమ్మకు కోపమొస్తుందట. పామర్రు వైపు పొలాల మధ్య పెరిగినదాన్ని, పడవల సంగతి నాకేం తెలుసు? నిజమే కాబోలనుకున్నాను.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం ఆయన బెజవాడ మార్కెట్లో వంకాయ బస్తాలు దించుతూ జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఈ ఏటికి తారు వద్దులే అన్నారు. తారు లేని పడవ వానాకాలంలో కూరగాయలు మోస్తుందా? నేనే పూస్తానన్నాను. మళ్ళీ గంగమ్మ కోపం మాట తెచ్చారు. ఆవిడతో నేను మాట్లాడుకుంటానన్నాను.

పాత తారు గీకందే కొత్తది పట్టదు. నేను మొండి కొడవలి పట్టుకుని మొదలుపెట్టాను. ఆయన బోర్లించిన బుట్ట మీద కూర్చుని, మధ్యలో గీకొద్దు, పైపైన పూసెయ్ అని ఒకటే సణుగుడు. ఏ పనైనా సగం సగం చెయ్యడం నాకు చేతకాదు. ఆ మధ్యలోనే గట్టిగా నొక్కి గీకాను.

కొడవలి మొన లోపలికి దిగిపోయింది.

వేళ్ళతో తడిమి చూశాను. తారు కింద చెక్క లేదు. నూనెడబ్బా రేకు ముక్క, తుప్పు పట్టి అప్పడంలా విరిగింది. దాని వెనక గోనెపీలిక. లాగేస్తే నా పిడికిలి పట్టేంత చిల్లు, అందులోంచి కింద అడ్డపలక అంచు, ఇసుక. మొన్నటిదాకా మేమంతా ఈ పడవలోనే తిరిగాం. ఈ చిల్లు ఎప్పటిదని అడిగాను.

ఆయన ఇసుకలో ఆడుకుంటున్న మా అమ్మాయి వైపు చూశారు. “దాని వయసంత,” అన్నారు.

ఆ పిల్ల నా కడుపులో అడ్డం తిరిగిన రోజు మంత్రసాని చేతులెత్తేసింది. బెజవాడ ఆసుపత్రికి పోవాలి. బయట వరద, వాన. మరిది తెడ్డు వేస్తున్నాడు. పడవ ముందు భాగంలో పడుకుని నొప్పులు పడుతూ, వచ్చి చెయ్యి పట్టుకోమని ఈయన్ను పిలుస్తూనే ఉన్నాను. మధ్య అడ్డపలక మీద, ఒక కాలు దాని కిందికి మడిచి, రేకు డబ్బాతో నీళ్ళు తోడుతూ కూర్చున్నారు తప్ప కదల్లేదు. వాననీళ్ళే అనుకున్నాను. పురిటినొప్పుల్లో పిలిస్తే పలకని మనిషని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన వింటుండగానే చెప్పేదాన్ని. తలొంచుకుని అన్నం తినేవారు.

చిల్లు సరిగ్గా ఆ అడ్డపలక కిందే ఉంది.

“చెప్తే ఎక్కేదానివా?” అన్నారు.

ఎక్కేదాన్ని కాదు. ఎక్కకపోతే నేనూ లేను, ఇసుకలో ఆడుకునే ఆ పిల్లా లేదు. పక్కన పొయ్యి మీద డబ్బాలో తారు పొంగుతోంది. లేచి దించాను. అంత వరదను ఒక మడమతో ఆపి కూర్చున్నారంటే నమ్మడం నా వల్ల కాలేదు. కాలు జారి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

“జారడం కాదు. నువ్వు పిలిచినప్పుడల్లా లేవబోయాను,” అన్నారు.