నేను మార్చిన నాలుగు ప్రైమర్లు

సూరత్ అడాజన్‌లో మా ఇంటి గ్యాస్ పొయ్యి ఒక్కోసారి ఆలస్యంగా అంటుకుంటుంది. లైటర్ నొక్కితే టిక్కుమంటుంది, మంట రాదు, గ్యాసు వాసన ముక్కుకు తగులుతుంది, ఆ తర్వాత భగ్గుమంటుంది. మా ఆవిడ విసుక్కుని వంటలో పడిపోతుంది. నాకు మాత్రం ఆ మధ్య క్షణంలో పోశన్న గుర్తొస్తాడు.

బార్డోలీ వెళ్లే దారిలో మా రైఫిల్ క్లబ్బు ఉండేది. బ్యాంకు ఉద్యోగినైన నేను ఆదివారాలు అక్కడ దూరపు గురి సాధన చేసేవాణ్ణి. లైసెన్సు ప్రకారం సభ్యుల కోసం తూటాలు చేత్తో నింపే గది ఒకటి ఉండేది. దాన్ని పోశన్న చూసుకునేవాడు. నిజామాబాద్ పక్క పల్లె నుంచి సైన్యంలో చేరి, తుపాకులు బాగుచేసే పనిలో రిటైరై, మరమగ్గాల్లో పనిచేసే తమ్ముడి దగ్గరికి సూరత్ వచ్చిన మనిషి. తూటా అడుగున చొక్కా గుండీకన్నా చిన్నగా ఉండే ప్రైమర్‌ను రైఫిల్ సూది కొడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. ఆయన దగ్గర పని నేర్చుకుంటూ నేనూ తూటాలు నింపేవాణ్ణి. మా పెద్ద తూటాల్లో నెమ్మదిగా మండే మందు పోసేవాళ్లం. దానికి మామూలు ప్రైమర్ కాకుండా ఎక్కువ మంటనిచ్చే గట్టి రకాన్ని ఆయన ఎంచుకునేవాడు.

"గీ మందు మొద్దుకట్టె లెక్క, తమ్మీ. అగ్గిపుల్లకు లేవదు. లేసినా ఎప్పుడు లేస్తదో దానికే ఎరుక."

"అయితే అన్నిటికీ గట్టిదే పెడితే పోలేదా?"

"బ్యాంకుల గూడ గిట్లనే పని జేస్తవా?" అని నవ్వాడు. "గట్టిది వెడితె ఒత్తిడి పెరుగుతది. ప్రైమర్ మార్చినవంటె మందు మల్ల తక్కువ నుంచి మొదలువెట్టి చూసుకోవాలె."

బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం ప్రైమర్ల డబ్బా ఉండాలన్నది ఆయన నియమం.

ఓ పోటీకి ముందు, వేసవిలో, మొదటిసారి నన్ను నమ్మి పని నా ఒక్కడికే అప్పగించాడు. మా సభ్యుడు దేశాయ్ భాయ్‌కి పన్నెండు తూటాలు. గట్టి ప్రైమర్లు ఎనిమిదే మిగిలాయి. కొత్త డబ్బా ఉన్న బీరువా తాళం పోశన్న దగ్గర ఉంది. అడిగితే, ముందే చూసుకోలేదా అంటాడు. ఆ ఒక్క మాట పడలేక నాలుగింటికి మామూలు ప్రైమర్లు పెట్టాను. సూరత్ ఎండకి మందు ఎలాగూ అంటుకుంటుందిలే అనుకున్నాను. డబ్బా మీది చీటీలో మాత్రం అన్నీ గట్టి రకమనే రాశాను.

మర్నాడు మూడో తూటాకి దేశాయ్ భాయ్ ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది. పేలలేదు.

"అరే, శూ థయూ?" ఏమైందంటూ ఆయన రైఫిల్‌తో సహా మా వైపు తిరగబోయాడు.

"హిలో మత్!" కదలొద్దని అరుస్తూ పోశన్న ఒక్క ఉదుటున వచ్చి గొట్టాన్ని ఇసుకలోకి అణచిపట్టాడు. అప్పుడు పేలింది. ఎవరికీ తగల్లేదు. చెవులకు ఏమీ పెట్టుకోకుండా పరుగెత్తిన పోశన్నకు మాత్రం ఆ రోజుతో ఎడమ చెవి పోయింది.

మిగిలిన తూటాలను ఆయన తలకిందులుగా వరసపెట్టాడు. అడుగున ఆరు పసుపు, గట్టివి; మూడు తెలుపు, మామూలువి. తల ఎత్తి నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

క్లబ్బు కమిటీ వాళ్లు అడిగితే "గది నాది" అన్నాడు. పక్కనే నిలబడి కూడా నేను నిజం చెప్పలేదు. ఆయన్ను తీసేశారు. నేను ఆ పోటీకి కూడా వెళ్లాను.

నాలుగు నెలలకు సూరత్ పక్కనే ఇచ్ఛాపూర్‌లో ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన కాపలా పని చేస్తున్నాడని తెలిసి వెళ్లాను. ఎడమ పక్కన కూర్చుని, దారంతా కూర్చుకున్న మాటలు మెల్లగా చెప్పాను.

"ఏంది? గా చెవుల ఇనరాదు. ఇటొచ్చి చెప్పు, జర గట్టిగ."

షిఫ్టు మారే వేళ. గేటు నిండా జనం. కుడివైపుకి వచ్చి, గొంతు పెంచి అన్నాను: "ఆ ప్రైమర్లు మార్చింది నేనే, పోశన్నా!" దాటిపోతున్న ఇద్దరు తెలుగువాళ్లు ఆగి చూశారు.

"నాకు గప్పుడే ఎరుక. నాకెందుకు చెప్తున్నవ్? క్లబ్బోళ్లకు చెప్పు. గింతే గట్టిగ."

ఆ ఆదివారమే క్లబ్బులో అందరి ముందూ చెప్పాను. నా సభ్యత్వం పోయింది. ఆయన్ను మళ్లీ రమ్మని క్లబ్బు వాళ్లు కబురు పెట్టారు. వెళ్లలేదు. "టిక్కుమన్నది ఇనవడనోనికి గా గదిల ఏం పని?" అన్నాడట.

ఆయన పోయి రెండేళ్లయింది. క్షమించానని ఎన్నడూ అనలేదు. అడిగే ధైర్యం నాకూ రాలేదు. ఇప్పటికీ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు లేచి, ఎదుటి మనిషికి బాగా వినిపించే వైపుకి వెళ్లి కూర్చుంటాను.