మానుకోవడానికి మిగిలింది

విభూది బుధవారం చర్చి నుంచి రాగానే, ఈ తపస్కాలం నలభై రోజులూ మాంసం మానేస్తానని నా భార్యతో అన్నాను.

“మన రసాల మామిడితోటలో మసి తెగులు పట్టి పూత మాడిన దగ్గర్నుంచీ మాంసం ఎక్కడ వండానండీ?” అంది.

పోనీ కాఫీ అన్నాను. పాలు పోయించుకోవడం ఎప్పుడో ఆపేశామంది. నాకు ఒళ్ళు మండింది. దేవుడి కోసం వదులుకోవడానికి కూడా ఈ కొంపలో ఏమీ మిగల్లేదా అని అరిచాను.

“రోజూ తోట చూసొచ్చి ఇలాగే అరుస్తున్నారు. ఆ చూడ్డం మానేయండి” అంది.

సరేనన్నాను. మర్నాడు పొద్దున అలవాటుగా చెప్పులేసుకుని, మాట గుర్తొచ్చి, విప్పేసి అరుగు మీద కూలబడ్డాను. చూస్తే తోట వైపు నుంచి తనే వస్తోంది. పూత ముట్టుకున్న వేళ్ళనిండా మసి.

“పిందె ఏమైనా...” అన్నాను.

చెంబుతో నీళ్ళు తీసుకుని చేతులు కడుక్కుంది. మసి పోయాక కూడా కడుక్కుంటూనే ఉంది.