తాగేవాడు లేని పొగ

ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయకపోవడానికి గొప్ప కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. యాభై నాలుగో ఏట, మొన్న మొన్ననే అక్షరాలు దిద్దాను. మొదట దేవుడి పేరు రాయమన్నారు. నేను మాత్రం ఒక చదువుకున్న పిల్ల పరిశోధన నా చేతుల మీదుగా ఎలా పొగచూరిపోయిందో రాస్తున్నాను. దేవుడు కాస్త ఆగగలడు.

అప్పట్లో తిరుపతిలో ఒక కాలేజీలో ఎలుకల గదులు ఊడ్చేదాన్ని. నగరి నుంచి వచ్చిన రేవతి అనే అమ్మాయి, సిగరెట్ పొగకు ఊపిరితిత్తులు ఎలా చెడతాయో అక్కడ చూస్తుండేది.

"మనిషికి ఏండ్లు పట్టే జబ్బు ఎలుకకి నెలల్లో వస్తాదక్కా. మనిషి రొమ్ము కోసి సూడలేము కదా," అని చెప్పింది.

ఒక గదిలో ఎలుకలకు రోజూ పొగ. పక్క గదిలో ఎలుకలకు మంచి గాలి. రెండింటినీ పోల్చితేనే తేడా తెలుస్తుంది. మంచి గాలి గది తలుపు మీద ఎర్రటి అక్షరాలతో ఏదో రాసి ఉండేది. కుంకుమ రంగులో ఉంది కనుక మంచి మాటే అయి ఉంటుందని రోజూ దానికి దండం పెట్టుకునేదాన్ని.

పొగ గదిలోని మిషన్‌ను మీరు చూసి ఉండరు. చూడకపోవడమే మేలు. గాజుపెట్టె పక్కన పది సిగరెట్లు వరసగా గుచ్చి ఉంటాయి. పదీ ఒక్కసారే ఎర్రబడతాయి, ఒక్కసారే మసకబడతాయి. మళ్ళీ ఎర్రబడతాయి. కనిపించని మగవాళ్ళు పదిమంది అరుగు మీద చేరి, మాటా పలుకూ లేకుండా, ఒకే ఊపిరితో పీలుస్తున్నట్టు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. అక్కడ నిప్పూ ఉంది, పొగా ఉంది, తాగే నోరే లేదు. పొగ పలచబడేకొద్దీ గాజు వెనక ఎలుకల కళ్ళు ఒక్కొక్కటే తేలేవి.

అదైనా ఓర్చుకున్నాను. ఒకనాడు మంచి గాలి గది ఊడుస్తూ తలెత్తితే, బోనుల్లో ఎలుకలన్నీ ఒకే గోడ వైపు తిరిగి కూర్చున్నాయి. అవతల మిషన్ ఉన్న గోడ. ఒక్క మీసం కదలడం లేదు.

"మిషన్ సప్పుడుకి తిరుగుతాయిలే అక్కా," అంది రేవతి.

"మిషన్ యేసేదానికి ముందే తిరిగినాయి మ్మా."

 ఆ సాయంత్రం ఆమె నేను వెళ్ళేదాకా ఆగి, నాతోపాటే బయటికి వచ్చింది.

నాకు తెలిసిపోయింది. ఆ పదిమందిలో ఎవడో గోడ దాటి వస్తున్నాడు. మా వైపు దీనికి మందు ఒకటే, శుక్రవారం సందెవేళ సాంబ్రాణి. మూకుడులో నిప్పులు తెచ్చి, కిటికీలూ తలుపూ బిగించి, మూలమూలకూ పొగ పట్టించాను. ఇలాంటివి బయటికి చెబితే పని చేయవు కనుక నోరు కట్టేసుకున్నాను.

శనివారం రేవతి ఎలుకల ఊపిరి కొలిచే రోజు. "ఏందక్కా, సాంబ్రాణి వాసన?" అంది.

"తిరుపతిలో ఆ వాసన రాని గోడ యాడుండాది మ్మా?"

వారాలు గడిచేకొద్దీ ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"మంచి గాలి ఎలుకలకి కూడా ఊపిరి సరిగా ఆడలేదక్కా. ఎందుకో అర్థం కాలా. ఇట్లనే ఉంటే నా మూడేండ్ల చదువు మట్టిలో కలిసినట్లే."

"భయపడాకు. నేనుండాను కదా."

ఉన్నాను మరి. ఆ శుక్రవారం పిడికెడు సాంబ్రాణికి బదులు రెండు పిడికిళ్ళు వేశాను. ఎలుకల ఆయాసం తగ్గలేదు. మూడు వేశాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళు లోకంలో ఉన్నారు. ఎలుకల కోసం కొండంత పొగ పెట్టింది నేనొక్కదాన్నే.

ఆరో శుక్రవారం రేవతి మరిచిపోయిన పుస్తకం కోసం వెనక్కి వచ్చి తలుపు తీసింది. తెల్లటి పొగ మధ్య, తలంటుకున్న జుట్టు విరబోసుకుని, చేతిలో నిప్పుల మూకుడుతో, ఏదో గొణుగుతూ నేను. ఆ పిల్ల తలుపు పట్టుకుని అలాగే జారి కూలబడింది.

"దెయ్యం కాదు మ్మా. నేను, మునెమ్మను."

"దెయ్యమైనా బాగుండునక్కా," అని లేచింది. తలుపు మీది ఎర్ర అక్షరాలు వేలు పెట్టి చదివి వినిపించింది. ఈ గదిలో ఏ పొగా పెట్టరాదు.

తర్వాత కళ్ళు తుడుచుకుని, "సారుకి తెలిస్తే నీ పని పోతాది. నేనే సరిగా సూసుకోలేదని చెప్తాలే," అంది. 

మరునాడు తెల్లవారగానే పోయి ఆ పరిశోధన చేయించే వాళ్ళ సారు గది ముందు నిలబడ్డాను. "తప్పు నాది సార్. ఆ పాపది గాదు. నన్ను పంపించేయండి," అని జరిగిందంతా చెప్పి, జన్మలో సాంబ్రాణి ముట్టనని ఒట్టు వేయడానికి చెయ్యి చాచాను.

సారు కళ్ళజోడు తీశాడు. "ఎన్ని శుక్రవారాలు?"

"ఆరు సార్."

"తలుపు మూసినావా?"

"బిగించినాను సార్, వాడు తప్పించుకోకుండా."

"ఎవడు?"

నేను మిషన్ గది వైపు వేలు చూపించాను. ఆయన ఇంకేమీ అడగకుండా రేవతిని పిలిపించాడు.

"మంచి గాలికి కొత్త ఎలుకల్ని తెప్పిస్తాను. వీటిని మాత్రం పోగొట్టుకోవద్దు. తలుపులేసుకుని ఇండ్లల్లో మనం పీల్చే పొగ ఇదే కదా. మూడో జట్టుగా రాసుకో."

"జట్టుకి పేరేం పెట్టాల సార్?"

"సాంబ్రాణి ఎలుకలు." నా వైపు తిరిగాడు. "ఒట్టు తర్వాత వేద్దువులే. ముందు నీ పిడికిలి ఎంతో తేలాల."

ఆ ఉదయమంతా రేవతి తెచ్చిన త్రాసు ముందు కూర్చుని సాంబ్రాణి పిడికిలి తర్వాత పిడికిలి పోశాను. ఆమె తూచి రాసుకుంది. అక్కడే, ఆ త్రాసు సాక్షిగా ఒట్టు వేశాను. ఇకమీదట ఏ దెయ్యాన్నీ సాంబ్రాణి తూకం వేయకుండా తరమను.