కమలూరులో సగం గెడ్డం

నా పేరు యేసుపాదం. విశాఖపట్నం నుంచి అడవుల్లోకి పోయే కిరండూల్ రైలు లైన్లో గ్యాంగుమేనుగా చేరి, గ్యాంగుకు పెద్ద అయిన మేటుగా రిటైరయ్యాను. మా ఊరి బడిలో ఐదో తరగతితో నా చదువు సరి. అయినా నా గ్యాంగు చూసుకున్న దారిలో ఒక్క బండి కూడా పట్టాలు తప్పలేదు. ఒక వానాకాలం, భాన్సీ దగ్గర పట్టా విరిగి ఉండటం చూసి, ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి ఖనిజం గూడ్సును ఆపింది నేనే. రైల్వే పెద్ద సారు చేతుల మీదుగా అందుకున్న పతకం ఇప్పటికీ మా ఇంటి గోడకు ఉంది. బచేలీలో మా చర్చి కట్టినప్పుడు పునాది రాళ్ళు మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఇవి చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కానీ పతకం అందుకుంటున్న ఫొటోలో నా మొహం నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు గవరయ్య పెట్టింది. ఇది అతని గురించి.

గవరయ్యది గజపతినగరం దగ్గర పల్లె. కులవృత్తి మంగలిపని. కిరండూల్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆదివారం వస్తే కొట్టుకు తాళం వేసి, కత్తులూ బురుసులూ ఉన్న పొది చంకన పెట్టుకుని పొద్దుటి పాసింజరెక్కేవాడు. ఒక్కో వారం ఒక్కో స్టేషన్లో దిగి, అక్కడి గ్యాంగు మొత్తానికీ క్షవరాలు చేసి, సాయంత్రం విశాఖపట్నం నుంచి వచ్చే పాసింజర్లో ఇల్లు చేరేవాడు. అడవి మధ్య మాకు సెలూనూ అతనే, పేపరూ అతనే. మాతో తెలుగు, స్టేషన్ మాస్టరుతో హిందీ, కట్టెలమ్మే ఆడవాళ్ళతో వాళ్ళ భాష హల్బీ మాట్లాడుతూ, చేతిలో కత్తి మాత్రం ఆపేవాడు కాదు.

గెడ్డం గీయడంలో అతనిదొక పద్ధతి. గీసింది కళ్ళతో చూసుకునేవాడు కాదు. కళ్ళు మూసుకుని, వేళ్ళ వెనక భాగంతో చెంపలూ గొంతూ తడిమేవాడు. ఎక్కడైనా గరుకు తగిలితే మళ్ళీ కత్తి. అంతా నున్నగా ఉందనిపించాక భుజం మీద ఒక్క చరుపు చరిచేవాడు. అయిపోయింది, లేవచ్చు అని దానర్థం. ఆ చరుపు పడేదాకా మేము కదలకూడదు.

పతకం అందుకోవడానికి నేను వెళ్ళాల్సిన రోజుకు ముందురోజు గవరయ్య మా గ్యాంగు ఉండే కమలూరు వచ్చాడు. నేను పట్టాల మీద తిరిగి తిరిగి అందరికన్నా ఆఖరున అతని ముందు కూర్చున్నాను. కుడిచెంప అయింది. ఎడమచెంప నిండా నురగ ఉండగానే సాయంత్రం బండి వచ్చి ఆగింది. అది తప్పితే అతనికి మళ్ళీ మర్నాటి దాకా బండి లేదు. అప్పట్లో రోడ్డూ లేదు, ఫోనూ లేదు.

"ఎల్లిపో గవరయ్యా. మిగిలింది తుడిచేసుకుంటాను" అన్నాను.

"సగం గెడ్డంతో పెద్దసారు ముందర నిలబడతావా మేటన్నా? ఎవుడు గీసినాడని అడిగితే నా పేరే సెప్తావు. కూకో" అన్నాడు.

బండి వెళ్ళిపోయింది. అతను తల తిప్పి చూడను కూడా చూడలేదు.

వారం తిరక్కుండానే అతని భార్య బుల్లమ్మ బచేలీ బజార్లో నన్ను పట్టుకుంది. "ఏటి మేటుబాబూ, నీ గెడ్డం కోసం నా మొగుణ్ణి అడివిలో ఒగ్గేసినావంట. ఈసారి ఆడి పక్కా దుప్పటీ కూడా అంపుతాను, ఉంచేసుకో" అంది. బజారంతా నవ్వింది. ఆ రోజే అనుకున్నాను, ఈ మొహం మీద గవరయ్య చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడకూడదని. అలాగే నడిచింది. మా అమ్మాయి పెళ్ళికి ఊరెళ్ళినా ఇక్కడ గీయించుకునే వెళ్ళాను. రిటైరయ్యాక బచేలీలో ఎన్ని సెలూన్లు వచ్చినా ఆటో ఎక్కి కిరండూల్ వెళ్ళేవాణ్ణి. నా చేత్తో నేను కూడా ఎప్పుడూ గీసుకోలేదు.

బుల్లమ్మ పోయింది. పోయిన వానల్లో గవరయ్యకు పక్షవాతం తగిలి కుడిచెయ్యి వణకడం పట్టుకుంది. కమలూరు స్టేషన్లో పనిచేసే మేనల్లుడు వచ్చి, అతన్ని తన క్వార్టర్‌కు తీసుకుపోయాడు. కొట్టు మూతపడింది. నా గెడ్డం పెరిగింది. బచేలీలోనే ఉంటున్న మా అమ్మాయి స్టెల్లా రోజూ సెలూనుకు వెళ్ళమని గొణిగేది. పాస్టరుగారు "మోషేలా ఉన్నారు, కర్ర ఒక్కటే తక్కువ" అన్నారు.  పొద్దున్నే అద్దం ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, వేళ్ళ వెనక భాగంతో నా చెంప నేనే తడుముకునేవాణ్ణి. గవరయ్య వేళ్ళు వేరు.

చివరికి మొన్న పొద్దుటి పాసింజరెక్కి కమలూరులో దిగాను. గవరయ్య క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏటి మేటన్నా, సన్నాసుల్లో కలిసిపోయినావా?"

"నీ వల్లే."

"బచేలీలో సెలూన్లు నేవా?"

"ఉన్నాయి. కుర్చీలు గిరగిరా తిరుగుతాయంట."

"మరెల్లి కూకో."

"నాకు తల తిరుగుద్ది. పొది తియ్యి గవరయ్యా."

అతను కుడిచెయ్యి చాపి చూపించాడు. గాలికి రావాకులా కదులుతూ ఉంది. "ఇన్నేళ్ళలో నీ మొకం మీద నెత్తురుచుక్క సూడనేదు నాను. ఇప్పుడు సూడమంటావా?"

"తెగితే పటిక రాస్తావు. అంతే కదా."

"నీకు పటికుంది. నాకు నిద్దరట్టదు" అన్నాడు. 

అన్నం తిన్నాం. బుల్లమ్మ మాట వచ్చింది, పాత గ్యాంగులో మిగిలినవాళ్ళ మాట వచ్చింది. గెడ్డం మాట ఇద్దరం ఎత్తలేదు. పొద్దు వాలింది. బండికి ఇంక ఎంతోసేపు లేదు. వచ్చిన పని కాకుండా తిరిగి పోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"పోనీ సబ్బయినా రాయి. బురుసు వణికితే రాలేది నురగే కదా" అన్నాను.

గవరయ్య నవ్వాడు. మంచం కింద నుంచి పొది లాగాడు. నీళ్ళు కలిపి నురగ తీశాడు. ముక్కుకూ చెవులకూ కూడా పట్టించాడు. 

"మరి గీసేదెవుడు?"

"నేనే. పట్టాల వంకర చూసి సరిచేసినవాణ్ణి. చెంప నాకొక లెక్కా."

"పట్టాకి నెత్తురు రాదు మేటన్నా" అంటూ కత్తి తోలుపట్టీ మీద నాచేతే నూరించి, ఎడమచేత్తో అద్దం ఎత్తి పట్టాడు. "తోలు లాగి పట్టు. అలాక్కాదు, పైనించి కిందకి. ఊపిరి బిగబట్టకు, నీకేటి ఆపరేసనా."

కుడిచెంప అయ్యేసరికి బండి కూత వినిపించింది. మేనల్లుడు పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నుంచి "మావయ్యా, బండొచ్చేసింది" అని కేకేశాడు.

నా సర్వీసు మొత్తంలో నాకు బండి తప్పిపోయిన రోజు లేదు.

"తువాలు కప్పుకుని ఎల్లిపో. స్టెల్లమ్మ కంగారు పడతాది" అన్నాడు గవరయ్య. అద్దం మాత్రం దించలేదు.

నేను ఎడమచెంప తోలు లాగి పట్టాను. బండి కదిలి వెళ్ళిపోయింది. మేనల్లుడి ఫోనులో స్టెల్లాకు చెబితే, "గెడ్డం కోసం అడవిలో ఉండిపోయావా నాన్నా" అంది. పక్కనే ఉన్న గవరయ్య విని చాలాసేపు నవ్వాడు.

కత్తి కడిగి ఇచ్చాను. అతను కళ్ళు మూసుకుని, ఎడమచేతి వేళ్ళ వెనక భాగంతో నా చెంపలు తడిమాడు. గొంతు తడిమాడు. "ఇక్కడ ఒగ్గేసినావు" అన్నాడు చెవి కింద ఆపి. మళ్ళీ గీశాను. మళ్ళీ తడిమాడు. "ఇక్కడ కూడా." అక్కడేమీ మిగల్లేదని నాకు తెలుసు. అతని వేళ్ళకూ తెలుసు.

స్టేషన్లో దీపాలు వెలిగాయి. భుజం మీద చరుపు పడుతుందని చూశాను. అతని చెయ్యి నా భుజం మీదకు వచ్చింది. చరచలేదు. అక్కడే ఉండిపోయింది.

"ఇంకా అవనేదు. కూకో" అన్నాడు.

కూర్చున్నాను.