చెప్పుకో జంతిక

మా కుక్కకి తొమ్మిదో నెల వచ్చేసరికి తణుకులో మా వీధిలో సగం ఇళ్ళలో ఒంటి చెప్పు మిగిలింది. అతిశయోక్తి అనుకుంటే అనుకోండి. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున్నే మా వరండాలో పదో తరగతి పిల్లలకి ట్యూషన్. వాళ్ళు మెట్ల దగ్గర చెప్పులు విడిచి వచ్చి కూర్చునేవారు. వాడు (మా ఇంట్లో కుక్కని ఎవరూ ‘అది’ అనలేదు) అందులోంచి ఒకే ఒక్క చెప్పు ఏరుకుని దొడ్లోకి పరుగెత్తేవాడు. జత ఏనాడూ ముట్టుకోలేదు. జత పోతే కొత్తవి కొనుక్కుంటారు, ఒకటి పోతే రెండోది పారెయ్యడానికి ప్రాణం ఒప్పదు. అందుకని మా గేటు ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు ఒంటి చెప్పు పట్టుకుని నిలబడి ఉండేవారు.

పిల్లగా ఉన్నప్పుడు బంగారం. వానలో తడిసి గేటు దగ్గర వణుకుతుంటే మా అత్తగారు కొంగులో చుట్టి తెచ్చారు. పాలు తాగడం, పడుకోవడం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. ఏడో నెల దాటిందో లేదో కాళ్ళు పొడుగయ్యాయి, చెవులు పనిచెయ్యడం మానేశాయి. నా తొమ్మిదో తరగతి వెనక బెంచీ మొత్తం ఇంటికొచ్చేసినట్టయింది. పిలిస్తే రాడు, పొమ్మంటే పోడు. నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్న నేత చీర కట్టుకుని బడికి బయల్దేరితే, రెండు కాళ్ళూ ఎత్తి నా మీద వేసి మరీ సాగనంపేవాడు. స్టాఫ్ రూములో అందరికీ నా చీర మీద బురద ముద్రలు చూడటం అలవాటైపోయింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరిచేదాన్ని. నేను అరిచినకొద్దీ వాడు ఇంకా ఎత్తుకి ఎగిరేవాడు.

చివరికి ఒక సాయంత్రం మా హెడ్మిస్ట్రెస్ గారు పేరంటానికి పిలవడానికి మా ఇంటికి వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆవిడకి ఎడమకాలి చెప్పే ఉంది. రెండోది దొరికింది గానీ, దాని పట్టీ వాడి నోట్లో ఉంది. ఆవిడ మా అత్తగారి హవాయి చెప్పులు వేసుకుని, ఒక్క మాటా అనకుండా రిక్షా ఎక్కారు. అనకపోవడమే నాకు మండింది. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న మావారి బాబాయిగారు కాపలాకి కుక్క కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నారు. అప్పటికప్పుడు ఆయనకి ఫోన్ చేసి, పై ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాను.

అత్తగారు వాదించలేదు. మర్నాడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా అన్నారు.

“మీరిద్దరూ తొమ్మిదింటికల్లా వెళ్ళిపోతారు కదమ్మా. మీ మావగారు పోయాక, మళ్ళీ మీరొచ్చేదాకా ఈ ఇంట్లో నేను మాట్లాడేది వాడితోనే.”

నాకు సిగ్గేసింది. అయినా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. “ఆదివారానికి దారికొస్తే ఉంటాడు, లేకపోతే లేదు” అన్నాను. అని, వాణ్ణి గొలుసుతో పశువుల ఆస్పత్రికి లాక్కెళ్ళాను. నిజానికి వాడే నన్ను లాక్కెళ్ళాడు.

రోజంతా గేదెలకి సూదులేసే డాక్టరుగారు వాడి పళ్ళు చూసి, చెవులు చూసి వదిలేశారు.

“జబ్బేం లేదు మేడమ్ గారూ, వయసండి. అవునూ, చెప్పు తెస్తే మీరేం చేస్తారండి?”

“అరుస్తూ వెంటపడతానండి.”

“వాడికి అది ఆటండి. మరి ఇంట్లో మిగతావాళ్ళో?”

చెప్పక తప్పలేదు. మా అత్తగారిది కోనసీమ. ఏడ్చినవాళ్ళకీ, అలిగినవాళ్ళకీ, పోట్లాటకి వచ్చినవాళ్ళకీ ఆవిడ దగ్గర ఒకటే మందు, ఏదో ఒకటి చేతిలో పెట్టడం. చెప్పు తెస్తే “ఇదిగో నాన్నా, ఇది తిని అది ఇచ్చెయ్” అని ఒక జంతిక ఇచ్చేవారు. పట్టీ కూడా తెగకుండా చెప్పు చేతికొచ్చేది. ఆవిడ ఖాళీగా దొరకనప్పుడే, పాపం, వాడు నమిలేవాడు.

డాక్టరుగారు పగలబడి నవ్వారు. “అయితే ఇది దొంగతనం కాదండి, వ్యాపారం. చెప్పు తెస్తే ఎవరూ వాడి మొహం చూడకండి, అరవకండి, ఏమీ పెట్టకండి. మీద పడితే అటు తిరిగిపోండి. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టి కుదురుగా కూర్చున్నప్పుడు పెట్టండి. ఇంట్లో ఒక్కరు తప్పినా లాభం లేదండోయ్.”

కుక్కకి నేర్పడం రెండు రోజుల పని. తల ప్రాణం తోకకొచ్చింది అత్తగారితోనే. వాడు చెప్పు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఆవిడ చెయ్యి దానంతటదే జంతికల డబ్బా మీదకి వెళ్ళేది. “అత్తయ్యగారూ!” అని నేను కేకేస్తే వెనక్కి తీసుకునేవారు. “ఆశగా చూస్తున్నాడే, వట్టి చేతుల్తో ఎలా పంపను?” అనేవారు. డబ్బా అటక మీద పెట్టించాను. స్టూలు వేసుకుని ఎక్కారు.

ఆదివారం బాబాయిగారు తాడు పట్టుకుని దిగారు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి వరండాలో కుర్చీలో కూర్చున్నారో లేదో, వాడు కుడికాలిది పట్టుకొచ్చాడు. బాబాయిగారు లేవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. వాడు తిన్నగా అత్తగారి ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ గోడవైపు తిరిగిపోయారు. కళ్ళనిండా నీళ్ళు. పెట్టకపోవడం ఆవిడకి అంత కష్టం. ఆ క్షణాన వాడు వెళ్ళిపోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదని తెలిసింది. వాడు మావారి దగ్గరికెళ్ళాడు, పేపరు అడ్డం వచ్చింది. నా దగ్గరికొచ్చాడు, పైకప్పు చూశాను. ఎవరూ కొనడం లేదు. చెప్పుని కాసేపు అటూ ఇటూ తిప్పి, కింద పడేసి, అత్తగారి కాళ్ళ దగ్గర చతికిలపడ్డాడు.

“ఇప్పుడు! ఇప్పుడు పెట్టండత్తయ్యగారూ!” అని అరిచింది నేనే.

బాబాయిగారు చెప్పు దులుపుకుని నవ్వారు. “వీడు నాకెందుకు వదినా? దొంగొస్తే వాడి చెప్పు తెచ్చి నాకిచ్చి, బుద్ధిగా కూర్చుంటాడు.” తాడు చుట్టుకుని, భోజనం చేసి వెళ్ళిపోయారు.

మర్నాడు బడినుంచి వచ్చాను. బస్సు లేటు, పేపర్ల కట్ట బరువు, ఎండ. గుమ్మంలో అడుగుపెడుతూనే ఫ్యాను దగ్గర్నుంచి గ్యాసు బండదాకా అన్నిటి మీదా విరుచుకుపడ్డాను. ఎప్పుడూ రెండో మాటకల్లా కాఫీ గ్లాసు చేతిలోకి వచ్చేది. ఆవేళ రాలేదు. వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అత్తగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

“కాఫీ లేదా అత్తయ్యగారూ?”

“డాక్టరుగారు చెప్పింది నిజమేనమ్మాయ్. నువ్వు కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ అరిచినప్పుడల్లా కాఫీ ఇచ్చాను. తప్పు నాదే.”

పదకొండేళ్ళు! కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ మింగేసి, పీట వాల్చుకుని కుదురుగా కూర్చున్నాను. కాఫీ వచ్చింది.