ఫోను ఆయనది, కుర్చీ నాది

కంట్రోల్ రూములో ఫోను గట్టిగా మోగిందంటే ఈనాటికీ నేను కుర్చీలో కూర్చోలేను. నిన్న మధ్యాహ్నం కూడా గబుక్కున లేచి నిలబడ్డాను. వెంటనే సుబ్బారావుగారు గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో, జగ్గయ్యపేట దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన మా షిఫ్ట్ ఇన్‌చార్జి. నందిగామ నుంచి ఇద్దరిదీ ఒకే బస్సు. దారి పొడుగునా కబుర్లే, గేటు దాటితే మాత్రం ఇంకో మనిషి. ఆయనదో వింత పద్ధతి. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ కుర్చీలో ఆయనే కూర్చునేవారు. ఏదైనా ముంచుకొచ్చిందా, లేచి కొత్తవాణ్ణి కూర్చోబెట్టేవారు! ఇదేం పెద్దరికమని లోలోపల తిట్టుకునేవాణ్ణి.

నా ప్రొబేషన్ ఇంకో వారంలో ముగుస్తుందనగా, సున్నపురాయి పొడిని కాల్చే కిల్న్‌లో వేడి పడిపోవడం మొదలైంది. ఆయన లేచి, "కూర్చోవయ్యా" అన్నారు. మంట పెరగాలని బొగ్గు పెంచాను. వేడి ఇంకా పడిపోయింది. మళ్లీ పెంచాను. కిల్న్ ఆగిందంటే నా ఉద్యోగం ఊడినట్టే. ఫోను మోగింది. జనరల్ మేనేజరు అరుపులు నాదాకా వినబడుతున్నాయి.

"బొగ్గు పెంచింది నేనేనండి. నాదే తప్పు. అరగంట టైమివ్వండి," అన్నారు సుబ్బారావుగారు.

ఫోను పెట్టేసి నా భుజం మీద చెయ్యి వేశారు. "ఏవయ్యా, పొయ్యి నిండా కట్టెలు కుక్కితే మంట లేస్తుందా?"

"లేవదు సార్, పొగ..." అంటూండగానే నాకు వెలిగింది! బొగ్గు తగ్గించాను, లోపలికి వెళ్లే పొడి తగ్గించాను, కిల్న్ తిరిగే వేగం తగ్గించాను. ఫోను మోగుతూనే ఉంది. ప్రతిసారీ తిట్లు ఆయనే తిన్నారు. చివరికి తెర మీద అంకె కదిలింది, పైకి! ఆ ఆనందం ఏమని చెప్పను, గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా.

సాయంత్రం బస్సులో అడిగాను. "మీరే కూర్చుంటే ఐదు నిమిషాల్లో సర్దేసేవారు కదా సార్?"

"సర్దేసేవాణ్ణి. రేపు నేను సెలవు పెడితే?" అని నవ్వారు.

నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తప్పుకి మెమో ఆయన పేర వచ్చిందని చాలా రోజులకుగాని తెలియలేదు. తెలిసిన రోజు ఆయన మొహం చూడలేకపోయాను.

నిన్నా కిల్న్‌లో వేడి పడిపోతోంది. నేను లేవగానే ఆ కుర్చీలో లావణ్యను కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి చేరి నాలుగు నెలలే. బొగ్గు పెంచడం చూశాను. నోటిదాకా వచ్చిన మాట మింగి, మళ్లీ మోగిన ఫోనెత్తాను.

"నేనేనండి. నాదే తప్పు."

అటునుంచి తిట్లు వింటూ లావణ్య చేతులనే చూస్తున్నాను. కాసేపటికి ఆ చేతులు ఆగాయి. బొగ్గు తగ్గించాయి.